కదలని సెలికా

అల్లావుద్దీన్ పోయిన పొద్దున సెలికా కారు స్టార్టు కాలేదు.

ఆ ఇంట్లో ఇప్పుడు ఏ మాట ఎక్కడ మొదలుపెట్టినా తిరిగి తిరిగి అక్కడికే వచ్చి ఆగుతోంది.

ఆ రోజు తెల్లవారి నమాజు ముగించుకుని, లుంగీ బనియనుతో చాప మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. ఒళ్ళంతా చెమట. నోరు తెరిచాడు గాని మాట పెగల్లేదు. తమ్ముడు ఆఫ్తాబ్ షెడ్డులోకి పరుగెత్తి అన్న కారెక్కి తాళం తిప్పాడు. ఇంజను తిరిగింది, అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు. బ్యాటరీ మూలిగి మూలిగి చచ్చేదాకా తిప్పుతూనే ఉన్నాడు. ఈలోగా అల్లావుద్దీన్ గోడ వైపు చెయ్యి చాపితే, మేకుకున్న చొక్కా తీసి భార్య షబానా అతనికి తొడిగింది. బొత్తాలు కూడా పెట్టింది. ఆటో దొరికి, వాకాడు నుంచి గూడూరు చేరేసరికి చెయ్యవలసింది ఏమీ మిగల్లేదు.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు నాడి చూసి, "కాస్త ముందు తీసుకురావాల్సింది" అన్నాడు. రోజుకు నలుగురితో అనే మాటే అయివుంటుంది. అది ఆ ఇంటికి వచ్చేసరికి తీర్పు అయింది.

"అన్నేళ్ళు దాని కింద పడుకొని ఒళ్ళరగదీసుకున్నాడు. ఒక్క పొద్దు మొయ్యలేకపోయింది ముండమోపి బండి."

పలకరింపుకు వచ్చినవాళ్ళంతా ఇదే మాట అని, చాయ్ తాగి వెళ్ళారు. మెకానిక్కు అల్లావుద్దీన్ చేతి పని గురించి ఊరు ఇలా మాట్లాడటం అదే మొదటిసారి.

*

"శుక్రవారం జుమ్మా అయినాక లారీ వస్తాది వదినా," అన్నాడు ఆఫ్తాబ్.

వంటింటి గుమ్మానికి కట్టిన తెరకు ఇవతల షబానా బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టలేదు.

"ఎవరి లారీ?"

"మద్రాసోళ్ళది. పాత బండ్లు సినిమాలకి అద్దెకిచ్చే ఆయన. బండిని ఎక్కించుకొని పోతాడు."

"ఎవరు రమ్మన్నారు?"

"నేనే."

"ఎవరినడిగి?"

తెర అవతల కుర్చీ కిర్రుమంది. ఇద్దత్‌లో ఉన్న మనిషి కాబట్టి షబానా మరిదితో కూడా తెర ఇవతల నుంచే మాట్లాడుతోంది. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు ఇల్లు దాటకూడదు. ఆ గడువులో ఇంకా సగం కూడా జరగలేదు.

"అడగాల్సింది నన్ను," అంది జమాల్‌బీ. పెద్దావిడ, షబానా అత్త, గోడకు చేరగిలబడి కూర్చుంది. కొంగు చివర ముడిని బొటనవేలితో నొక్కుతోంది. "నన్నడిగినాడు. సరే అన్నా. ఆ మనహూస్ బండి, ఆ దరిద్రపు బండి నా గుమ్మం ముందర ఉండకూడదు. దాని మొగం చూస్తే నాకు అన్నం దిగడంల్యా."

"అన్నం దిగకపోతే చారు పోస్తా అత్తా. బండిని మాత్రం పోనియ్యను."

"ఏందిమే?"

"పోనియ్యను అన్నా."

ఆఫ్తాబ్ గొంతు పెంచాడు. "ఉంచుకొని ఏం జేస్తావు? తుడుచుకుంటా కూర్చుంటావా? అన్న ఉన్నప్పుడే అది పది రోజులు తిరిగితే నెల పండుకొనేది."

"పండుకొన్నప్పుడల్లా లేపినాడు గదా. అది ఎందుకు స్టార్టు కాలేదో నేను చూస్తా. చూసినాక మాట్లాడండి."

బయట ఎవరో చేపలమ్మి కేకేసుకుంటూ పోయింది.

"నువ్వు చూస్తావా?" అన్నాడు ఆఫ్తాబ్, నెమ్మదిగా.

"నేనే. పదారేళ్ళు ఆయన బండి కింద పండుకొంటే పైన లైటు పట్టుకున్నది ఎవరు? ఏ స్పానరు ఏ బోల్టుకో నాకు తెలవదా?"

"ఇద్దత్‌లో ఉండావు నువ్వు. షెడ్డు షట్టరు రోడ్డు మీదకి తెరుస్తాది. అది బయట."

"వంటింట్లోంచి షెడ్డులోకి తలుపుండాది. అది లోపల."

"నా కోడలు గ్రీజు పూసుకొని బండి కింద దూరతా ఉందని జమాతోళ్ళకి తెలిస్తే," జమాల్‌బీ అంది, "తల ఎత్తుకొని తిరుగుతామా?"

"అత్తరు పూసుకోకూడదన్నారు అత్తా. కాటుక పెట్టుకోకూడదన్నారు. గ్రీజు సంగతి ఎవరూ చెప్పలా."

తెర అవతల ఆఫ్తాబ్ గట్టిగా దగ్గాడు. నవ్వు ఆపుకున్నాడో, కోపం ఆపుకున్నాడో తెలియలేదు. లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

"శుక్రవారం దాకా నీ ఇష్టం," అని బయటికి పోయాడు.

షబానా చేటలో రాళ్ళు ఏరి పక్కన పెట్టింది. చూస్తే రాళ్ళతో పాటు మంచి బియ్యం కూడా గుప్పెడు ఏరేసింది.

*

సెలికా డెబ్భైల్లో జపాన్‌లో పుట్టిన బండి. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, ముందు నాలుగు గుండ్రటి దీపాలు. మద్రాసులో ఎవరో ఓడల కంపెనీ ఆఫీసరు వదిలేసిపోతే, ఏళ్ళకేళ్ళు ఒక గోడౌనులో పడి ఉంది. పడవల ఇంజన్లు బాగుచేసే అల్లావుద్దీన్ ఒక విడిభాగం కోసం ఆ గోడౌనుకు వెళ్ళి, విడిభాగం మరిచిపోయి, దీన్ని తెచ్చుకున్నాడు. అప్పటికి దాని డిక్కీలో ఎలుకలు కాపురముంటున్నాయి.

వాకాడు గాలిలో ఉప్పు ఉంటుంది. మేకులు, గొళ్ళేలు, కిటికీ ఊచలు, ఏదైనా రెండు వానాకాలాలకు తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలిపోతుంది. ఆ గాలిలో యాభై ఏళ్ళ నాటి రేకును కాపాడటానికి అల్లావుద్దీన్ చేపలు పట్టే పట్టపువాళ్ళ పద్ధతి పట్టాడు. వాళ్ళు పడవ చెక్కకు చేపనూనె పూసినట్టే, ఇతనూ ఏడాదికోసారి కారు కింద అంతా చేపనూనె పూసేవాడు. తుప్పు ఆగింది. వీధిలో పిల్లులన్నీ కారు కింద కాపురం పెట్టాయి.

"జపాన్ పిల్లకి ఎంతమంది అత్తలో చూడు," అనేవాడు పిల్లుల్ని చూపించి.

షబానా బట్టలు కుడుతుంది. మిషను మీద దారం తెగినప్పుడు, కుట్టు వదులైనప్పుడు ఎక్కడ తప్పు ఉందో వెతకటం ఆమెకు చేతనవును. బండి దగ్గర కూడా అదే పద్ధతి అని అతనే చెప్పేవాడు. "నిప్పు, పెట్రోలు, గాలి. బండి ఆగిందంటే ఈ మూడిట్లో ఏదో ఒకటి ఆగినట్టు. వరసన చూసుకుంటా పోవాల. తిట్టుకుంటా పోకూడదు."

గురువారం పొద్దున వంటింటి తలుపు తీసి షెడ్డులోకి అడుగు పెట్టినప్పుడు ఆమె ముందు చేసిన పని, పిల్లుల్ని అదిలించటం. అవి పోలేదు.

ముందు బ్యాటరీ కావాలి. ఆఫ్తాబ్ ఆ రోజు తిప్పి తిప్పి చంపింది అలాగే ఉంది. షెడ్డు గోడ అవతలే చెంచురామయ్య మడి. అల్లావుద్దీన్‌కు పాత స్నేహితుడు. ట్రాక్టరు బురదలో దిగబడినా, కొడుకు మాట వినకపోయినా అల్లావుద్దీన్‌కే చెప్పుకునేవాడు. షబానా గోడ దగ్గరకు వెళ్ళి గొంతెత్తింది.

"చెంచురామన్నా! ట్రాక్టరు బ్యాటరీ ఒక పూటకి ఇస్తావా?"

గోడ అవతల పార చప్పుడు ఆగింది.

"ఎందుకు తల్లీ?"

"సెలికాకి."

పార గట్టుకు ఆనించిన చప్పుడు. తర్వాత గొంతు సవరించుకోవటం వినిపించింది.

"ఇస్తా. షట్టరు రవ్వంత ఎత్తు. గోనెపట్ట మీద పెట్టి లోపలికి నెడతా. నేను నీ కంట పడను, నువ్వు నా కంట పడొద్దు. వైర్లు నీకాడ ఉండాయా?"

"ఉండాయి."

"ఎర్రది కూడిక గుర్తుకి తల్లీ."

"తెలుసన్నా."

"తెలుసులే. నాకు చెప్పుకోకపోతే తోచదు. నాది డీజిలు బుర్ర. ఈ పెట్రోలు బండ్ల నిప్పు సంగతి నాకు పట్టుబడదు. అల్లావుద్దీన్ ఉంటే..." అని ఆగిపోయాడు. కాసేపటికి షట్టరు కింద గోనెపట్ట జారుతున్న చప్పుడు ఒక్కటే వచ్చింది.

*

బ్యాటరీ బిగించాక ఒక చిక్కు వచ్చింది. ఇంజను దగ్గర చూడటానికి ఒక మనిషి కావాలి. లోపల తాళం తిప్పటానికి ఇంకో మనిషి కావాలి. ఇంట్లో ఉన్నది ఇద్దరే.

"నేనా?" అంది జమాల్‌బీ. "ఆ సైతాను బండిలోనా? నా బిడ్డను తిన్న బండిలో నన్ను కూర్చోమంటావా?"

"కూర్చొని తిట్టు అత్తా. నిలబడి తిట్టేదానికన్నా అది సులువు."

"నీకు సిగ్గుండాదా?"

"ల్యా."

పెద్దావిడ కోడలి ముఖంలోకి చూసింది. గాజులు లేని చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. నెత్తిన చెంగు మాత్రం జారలేదు.

ఎందుకు ఒప్పుకుందో జమాల్‌బీ చెప్పలేదు. బండి చెడ్డదని తన చేత్తోనే రుజువు చెయ్యవచ్చనుకుందేమో. చీర కుచ్చిళ్ళు పట్టుకుని, బిస్మిల్లా అనుకుంటూ డ్రైవరు సీట్లోకి ఎక్కి, స్టీరింగు చక్రాన్ని రెండు చేతులా పట్టుకుంది. చక్రం మీద అరచేతులు ఆనే చోట తోలు అరిగి నున్నగా ఉంది. ఆమె చేతులు అక్కడి నుంచి తియ్యలేదు.

షబానా ముందు పెట్రోలు చూసింది. కార్బొరేటరుకు వచ్చే రబ్బరు గొట్టం ఊడదీసి, చావు ఇంట్లో మిగిలిన ఖాళీ పన్నీరు సీసాలో దాని మూతి పెట్టింది.

"తిప్పు అత్తా."

"ఏ పక్కకి?"

"నీ కుడిచేతి పక్కకి."

ఇంజను ఒక్కసారి కదిలి ఊగింది. జమాల్‌బీ కెవ్వుమంది. పిల్లులన్నీ తలో దిక్కుకు పరుగెత్తాయి. సీసాలోకి పెట్రోలు చర్రుచర్రుమని పడింది.

"పెట్రోలు వస్తా ఉండాది."

"వస్తే?"

"వస్తే ఆయన పంపు బాగానే పెట్టినాడని."

సీసాకు బిరడా పెట్టి వంటింట్లోకి దూరంగా చేర్చి, గొట్టం మళ్ళీ బిగించి, గాలి ఫిల్టరు తీసి షట్టరు కింద పడే ఎండకు పట్టి చూసింది. శుభ్రంగా ఉంది. గాలికీ అడ్డం లేదు. ఇక నిప్పు. ఒక ప్లగ్గు ఊడదీసి, వైరుకు తగిలించి, ఇంజను ఇనుముకు ఆనించి పెట్టింది.

"తిప్పు."

ఇంజను తిరిగింది. ప్లగ్గు మొనలో ఏమీ మెరవలేదు. మిగతా మూడు కూడా అంతే.

జమాల్‌బీ పక్క కిటికీలోంచి తల బయటికి పెట్టి కోడలిని చూసింది. "చెప్పినా గదా. దానికి బుద్ధే అంత."

షబానా నిప్పు ఎక్కడ పుడుతుందో అక్కడికి వెళ్ళింది. కాయిల్ నుంచి, ప్లగ్గులకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటరుకు వచ్చే లావుపాటి వైరు పీకి, దాని కొసను రబ్బరు చెప్పు ముక్కతో పట్టుకుని ఇనుముకు దగ్గరగా పెట్టింది.

"ఇంకొక్కసారి అత్తా."

టప్. టప్. టప్.

నీలంగా, సూదంత నిప్పు. వైరు కొస నుంచి ఇనుముకు దూకింది. పట్టపగటి వెలుగులో కూడా కనిపించేంత గట్టిగా ఉంది. అతను కాయిల్ మార్చి ఏడాది కాలేదు. పాయింట్లు అరగదీసి సరిచేసి నెల కాలేదు. అన్నీ అతను వదిలిపోయినట్టే, చేస్తున్న పని చేస్తూనే ఉన్నాయి. నిప్పు ఇక్కడిదాకా వచ్చింది. ఇక్కడి నుంచి ప్లగ్గులకు పోవటం లేదు. మధ్యలో ఉన్నది డిస్ట్రిబ్యూటరు మూత ఒక్కటే.

మూతకు రెండు పక్కలా ఉన్న క్లిప్పులు బొటనవేళ్ళతో తోసి, పైకి ఎత్తింది.

లోపల ఇరుసు బోడిగా నిలబడి ఉంది. దాని మీద కూర్చోవాల్సిన ముక్క లేదు.

*

మధ్యాహ్నం ఆఫ్తాబ్ వచ్చేసరికి షట్టరు మోకాలెత్తున తెరిచి ఉంది. అతను రోడ్డు మీద నిలబడ్డాడు. లోపలున్న షబానాకు అతని ప్యాంటు అంచులు, చెప్పులు మాత్రం కనిపిస్తున్నాయి.

"అమ్మ యాడ?" అన్నాయి చెప్పులు.

"కార్లో ఉండాది."

"కార్లోనా!"

"దిగమంటే దిగడంల్యా."

నిజమే. జమాల్‌బీ పొద్దుననగా ఎక్కిన మనిషి ఇంకా ఆ సీట్లోనే ఉంది. మధ్యాహ్నపు జొహర్ నమాజు కూడా అక్కడే కూర్చుని చదువుకుంది.

"ఆఫ్తాబ్, నిన్ను ఒకటి అడగతా. నిజం చెప్పు," అంది షబానా. "మూత తీసి లోపలి ముక్క తీసింది నువ్వేనా?"

"ఏ మూత? ఏం ముక్క?"

"రోటరు. ఇరుసు మీద కూర్చుంటాది. తిరగతా తిరగతా నాలుగు వైర్లకి నిప్పు పంచుతాది. అది లేకపోతే తెల్లారిందాకా తిప్పినా బండి అందుకోదు. అది తనంతట తాను ఊడి పడేది కాదు. ఎవరో చేత్తో తీసినారు."

"నేనా తీసింది?" చెప్పులు రెండడుగులు ముందుకొచ్చాయి. "మా అన్న ప్రాణం పోతా ఉంటే, బ్యాటరీ చచ్చిందాకా తాళం తిప్పినోణ్ణి నేను! ముందరే ముక్క తీసి దాచి, మళ్ళీ ఎక్కి తిప్పినానంటావా? సెల్‌ఫోన్లు అమ్ముకునేవోణ్ణి వదినా. ఇంజను మూత ఎటు పక్కకి తెరుస్తాదో కూడా నాకు తెలవదు!"

"మరి ఎవరు తీసినారు?"

"ఏమో! నువ్వే తీసినావేమో, బండి పోకుండా."

మాట అనేశాక అతనికే ఎక్కువైనట్టుంది. చెప్పులు కదలకుండా నిలబడ్డాయి. షబానా తుడిచిన స్పానరునే మళ్ళీ తుడుస్తోంది.

గోడ అవతల నుంచి దగ్గు వినిపించింది.

"బ్యాటరీ కోసం వచ్చినా," అన్నాడు చెంచురామయ్య. "మీ ఇంటి మాటల్లో దూరకూడదు. కానీ చెవులుండాయి గదా. అమ్మా, ఆ ముక్క నల్లగా బొటనవేలంత ఉంటాదా? మీద ఇత్తడి నాలిక ఒకటి?"

"ఉంటాదన్నా. యాడ చూసినావు?"

"అల్లావుద్దీన్ కాడ. పోయిన రంజాన్ నోంబులప్పుడు, ఒక రేత్రి నోంబు విప్పినాక నా గట్టు మీద కూర్చొని బీడీ కోసం జేబులో చెయ్యి పెడితే ఇది బయటికొచ్చింది. ఏందబ్బా ఇది అంటే, 'తాళం ఎవురు తిప్పినా బండి పోకూడదన్నా, అందుకని రేత్రి పూట దీన్ని తీసి జేబులో పెట్టుకుంటా ఉండా' అన్నాడు."

"ఎవరు తిప్పుతారని?" అన్నాడు ఆఫ్తాబ్. గొంతులో ఇందాకటి జోరు లేదు.

చెంచురామయ్య మళ్ళీ దగ్గాడు. "ఆ సంగతి నాకు చెప్పలా నాయనా. నేనూ అడగలా."

చెప్పవలసిన అవసరం లేదు. చిట్టమూరులో స్నేహితుడి నిఖాకు, పెళ్ళికొడుకును ఊరేగించటానికి ఆఫ్తాబ్ అన్నకు చెప్పకుండా సెలికా తీసుకుపోయిన సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తిరిగి వచ్చిన బండికి ఒక పక్క రంగు గీసుకుపోయి ఉంది. సీట్ల నిండా పూలు, ఇసుక. అల్లావుద్దీన్ ఒక్క మాట అనలేదు. గుడ్డ తీసుకుని తుడుచుకున్నాడు.

"అన్న ఏమీ అనలేదు ఆ రోజు," అన్నాడు ఆఫ్తాబ్. "పోనీలే అనుకున్నాడని నేను..."

షట్టరు అవతల అతను అలాగే నేల మీద కూలబడ్డాడు. ఇప్పుడు చెప్పులతో పాటు అతని చేతులు కూడా కనిపిస్తున్నాయి.

షబానాకు ఆ చేతుల్ని చూస్తుంటే వేరే చెయ్యి గుర్తొచ్చింది. గోడ వైపు చాచిన చెయ్యి. మేకు. మేకుకు వేలాడుతున్న నీలం గళ్ళ చొక్కా. అతను ఆ వైపు చూపించాడు. ఆమె చొక్కా తెచ్చింది. అతను తల అడ్డంగా ఊపాడు. బనియనుతో బయటికి రావటానికి సిగ్గుపడుతున్నాడనుకుని ఆమె తొందర తొందరగా తొడిగింది. అతని వేళ్ళు జేబు మీద పడి తడుముకున్నాయి. నొప్పి అక్కడే అనుకుని ఆమె ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది.

ఆమె స్పానరు కింద పెట్టింది.

"ఆయన చొక్కా అడగలా," అంది.

"ఏంది వదినా?"

"ఆ పొద్దున. చొక్కా అడగలా. జేబు చూపించినాడు. నువ్వు ఈడ తాళం తిప్పతా ఉండావు. అది ఆయనకి వినపడతా ఉండాది. ఎందుకు అందుకోవడంల్యానో ఆ ఇంట్లో తెలిసింది ఆయన ఒక్కడికే. నేను చొక్కా తొడిగి బొత్తాలు పెట్టినా. రోటరుని ఆయన జేబులోనే పెట్టి ఆటో ఎక్కించినా."

గోడ అవతల చెంచురామయ్య గట్టిగా ఊపిరి వదలటం వినిపించింది.

"నీకెట్ట తెలస్తాది తల్లీ," అన్నాడు.

"తెలీదు. తెలీదన్నా. ఇప్పుడు తెలిసింది గదా, దాచేదెందుకు? రేపట్నుంచి ఎవరన్నా బండిని అంటే నా ముందరికి తీసుకురండి. నన్ననమనండి, పడతా. ఆయన పనిని మాత్రం అననియ్యను. పెట్రోలు వచ్చింది. నిప్పు వచ్చింది. ఆయన చేసి పెట్టింది అంతా సరిగ్గానే ఉండాది."

"నన్ను కూడా అనమను," అన్నాడు ఆఫ్తాబ్, నేల వైపు చూస్తూ.

"నీ సంగతి ఊరికి చెప్పుకొనేది నీ ఇష్టం. నేను చెప్పను."

కాసేపటికి అతనే అన్నాడు: "చొక్కా లేదు వదినా. బట్టలన్నీ హబీబ్ సాహెబుకి ఇచ్చేసినాం గదా, అన్నకి ఆఖరి స్నానం, గుసుల్ చేయించినాయనకి. మూట నేనే తీసుకుపోయి ఇచ్చినా. పోయి అడగతా. జేబులో ఉంటే ఆయన పారేసే మనిషి కాదు."

లేవబోయి ఆగాడు.

"కాదు. మూట కట్టేముందర అమ్మ జేబులు చూసింది."

ఎప్పుడూ చూస్తుంది. ఆ ఇంట్లో చొక్కా ఏదీ ఆమె జేబులు తడమకుండా ఉతుకుకు పోలేదు. చిల్లర, బీడీ ముక్కలు, బోల్టులు, వాషర్లు, నలభై ఏళ్ళుగా కొడుకుల జేబుల్లోంచి తీసి గూట్లో పెట్టటం ఆమె పని. ఆ రోజు కూడా, ఏడుస్తూనే, చెయ్యి తన పని తాను చేసివుంటుంది.

షబానా కారు వైపు తిరిగింది.

జమాల్‌బీ పక్క అద్దంలోంచి ఎటో చూస్తోంది. ఎడమ చెయ్యి చక్రం మీద ఉంది. కుడి చెయ్యి కొంగుముడి మీద. అందులో ఉన్నది వక్కే అనుకుంటూ వచ్చింది షబానా. పెద్దావిడ వక్క నమలటం మానేసింది కొడుకు పోయిన నాడే.

"అత్తా."

ఆమె రెండో చెయ్యి కూడా ముడి మీదికి తెచ్చింది.

"అత్తా, ఆ ముడి ఇప్పు."

"ఇప్పను."

"అది రోటరు అత్తా. బండిది."

"నాకేం తెలుసు అది బండిదని? నా బిడ్డ జేబులో దొరికింది. గుండె మీద జేబులో. చొక్కాకి వాడి ఒంటి వాసన పోకముందే తీసి కట్టుకున్నా." ముడి ఇంకా గట్టిగా పట్టుకుంది. "తిప్పు తిప్పు అని పొద్దుట్నుంచి నా చేత తిప్పిస్తివే. అప్పుడు కూడా ఇది నా కొంగున్నే ఉండాది."

"ఇటియ్యి. పెట్టి చూద్దాం. రేపు లారీ వచ్చేలోపల స్టార్టు చేస్తా. స్టార్టయిన బండిని మనహూస్ అని ఎవరంటారో చూస్తా."

"స్టార్టయితే?"

షబానా తీసిపెట్టిన మూత వైపు చూసింది.

"చెప్పు. స్టార్టయితే ఏంది?" జమాల్‌బీ కోడలి వైపు తిరిగింది. ఏడవటం లేదు. "అల్లా రాసింది అంతే అనుకొని పండుకుంటా ఉండా నేను. బండి చెడ్డది, మొండికేసింది, వాడి రాత అట్ట ఉండాది అనుకుంటా ఉండా. ఇది పెట్టి, నువ్వు తిప్పి, అది గబుక్కున అందుకుందనుకో. అప్పుడు ఆ పొద్దున కూడా అందుకొనేదే గదా. నా బిడ్డ బతికేవాడే గదా. ఇంట్లో ఇంతమందిమి ఉండి, జేబులో వస్తువు జేబులోనే పెట్టి పంపించినాం గదా. ఆ బండి చప్పుడు నేను ఎట్ట వినేది?"

షట్టరు కింద ఆఫ్తాబ్ చేతులు రెండూ నేలకు ఆనాయి.

షబానా అయినా వెనక్కి తగ్గలేదు. కారు తలుపు తీసి పట్టుకుని నిలబడింది.

"నేనూ వినాల్సిందే అత్తా. నాకూ అదే చప్పుడు. కదిలితే ఇద్దరం కూర్చొని ఏడుద్దాం. కదలనిది కదలనట్టే లారీ ఎక్కించి, ఆయన పని చెడ్డదని ఊరి చేత అనిపించి, దాని మీద నిద్రపోయేది నా వల్ల కాదు."

"నా వల్ల అవతాది."

"లాక్కోమంటావా?"

"లాక్కో," అంది జమాల్‌బీ. పిడికిలి ముందుకు చాపింది. "అంత మొనగత్తెవైతే లాక్కో."

షబానా ఆ పిడికిలి వైపు చూసింది. నరాలు తేలిన ముసలి చెయ్యి. గట్టిగా పట్టుకుంటే ఒక్క నిమిషం పని. తన చేతులకు గ్రీజు ఉంది. చీరకు తుడుచుకుంది. తుడుచుకుని, చేతులు కిందికి వదిలేసింది.

"లాక్కోను. నువ్వే ఇస్తావు."

"ఇయ్యను."

"ఇచ్చిందాకా ఈడ్నే నిలబడతా."

"నిలబడు."

పిల్లులు ఒక్కొక్కటే తిరిగి వచ్చి కారు కింద సర్దుకున్నాయి. గోడ అవతల చెంచురామయ్య, "బ్యాటరీ రేపు తీసుకుపోతాలే తల్లీ," అని మెల్లగా చెప్పి మడిలోకి వెళ్ళిపోయాడు. ఆఫ్తాబ్ జేబులోంచి ఫోను తీశాడు. మద్రాసు నంబరు మీద వేలు పెట్టి ఉంచాడు.

"లారీని వద్దననా, రమ్మననా?" అన్నాడు.

లోపల ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూస్తూ అలాగే ఉన్నారు. అతను ఫోను నేల మీద బోర్లించి పెట్టాడు.

రేపు శుక్రవారం. లారీకి వద్దని ఎవరూ చెప్పలేదు. డిస్ట్రిబ్యూటరు మూత తీసే ఉంది. జమాల్‌బీ పిడికిట్లో ఉన్న రోటరు పెట్టవలసి ఉంది.